కుడివైపు నడిచే సింహం

మా అమ్మమ్మ దొంగ అని మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరూ నేరుగా రాయలేదు. మర్యాదస్తులు కదా. "బంగళా సొత్తు బంగళాకే చేరితే దేవునికి మహిమ" అని రాసి, కింద దండం పెట్టే చేతుల బొమ్మ పెట్టారు. గంట తిరిగేలోపు ఆ బొమ్మలు గ్రూపు నిండా వరసకట్టాయి. ఆరు వెండి చెంచాల ఫోటో పెట్టినందుకు నాకు దక్కిన బహుమతి అది.

కొరివితో తల గోక్కున్నది నేనే. పర్చూరుకి కాస్త ఎడంగా ఉన్న పల్లె మాది. అక్కడి చర్చి వెనకాల, మిషను దొరలు ఉన్నప్పటి బంగళా ఒకటి పెంకులు రాలిపోయి ఏళ్ళ తరబడి గబ్బిలాల పాలై ఉండేది. ఈమధ్య సంఘ పెద్దలు దాన్ని బాగుచేయించి, ముందు గదిలో పాత వస్తువులు పెడదామనుకున్నారు. ఇళ్ళల్లో ఏమున్నా ఫోటోలు పెట్టమన్నారు. ఒకరు లాంతరు పెట్టారు, ఒకరు తాతగారి బైబిలు పెట్టారు, ఒకరు చక్రం లేని కుట్టుమిషను పెట్టారు. నేను ఊరుకుంటానా? ముప్పై ఏళ్ళు గవర్నమెంటు స్కూళ్ళలో సైన్సు చెప్పి, రిటైరై గుంటూరులో ఉంటున్నదాన్ని. మా ఇంట్లోనూ చూపించుకోదగ్గది ఒకటుందని, అమ్మమ్మ చెంచాల్ని చింతపండుతో తోమి, తెల్ల తువ్వాలు మీద కొన్ని వెల్లకిలా, కొన్ని బోర్లా పరిచి మరీ ఫోటో తీశాను.

అమ్మ పోయేముందు ఆ చెంచాల పెట్టె నాకిస్తూ, "ఇవి ఎవరికీ చూపించకే. ఇంట్లో ఉంచుకో, అంతే" అంది. ఎందుకని అడిగితే, "మా అమ్మ అట్టా చెప్పింది, నేనూ అట్టానే చెబుతున్నా" అంది. ఆ మాట నేను ఖాతరు చెయ్యలేదు. పెద్దవాళ్ళ మాట చద్దిమూట అని పిల్లలకి వందసార్లు చెప్పినదాన్ని, నా మూట నేను విప్పుకోలేదు.

సాయంత్రం సంఘ కార్యదర్శి గారు ఫోన్ చేశారు. ఆయనా మా పల్లెవారే, హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ప్రతి మాటా అసెంబ్లీలో పిల్లలకి చెబుతున్నట్టు చెబుతారు.

"టీచర్ గారూ, తప్పుగా అనుకోవద్దండి. బంగళాలో దొరసాని గారి వెండి చెంచాలు ఒక సెట్టు ఉండేదని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. వాళ్ళు వెళ్ళిపోయేసరికి ఒక్కటే మిగిలింది. అది మన బీరువాలో ఉంది. మీ ఫోటో చూస్తే అదే ఆకారం, వెనకాల అవే ముద్రలు. మీ అమ్మమ్మ గారేమో అక్కడ ఆయాగా చేశారు."

"అయితే?"

"అయితే ఏముందండీ... కలుపు తీసుకుని, మిరపకాయలు కోసుకుని బతికినవాళ్ళం. మనకి వెండి చెంచాలు ఎక్కడివండీ?"

నన్ను మండించింది ఆ ఆఖరి మాట. ఊళ్ళో ఆసామి ఎవరైనా ఆ మాట అని ఉంటే నాలుగు దులిపేసి మర్చిపోయేదాన్ని. మనకి ఎక్కడివి అని మనవాడే అడిగాడు. పల్లెలో వెండి కనపడితే అది ఎవరిదో అయి ఉండాలని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారంటే వాళ్ళ బుద్ధి అది. మనం కూడా అలాగే అనుకోవడం ఎప్పుడు నేర్చుకున్నాం?

ఇంకో తమాషా ఉంది. మా అమ్మమ్మ ఆ చర్చిలో దాదాపు దేవత. ఆ రోజుల్లో బాప్తిస్మం తీసుకునే ఆడవాళ్ళని నగలు విడిచిపెట్టమనేవారు. అమ్మమ్మకి వాళ్ళమ్మ పెళ్ళికి పెట్టిన వెండి కాళ్ళ కడియాలు ఉండేవి. వాటిని తీసి దేవుని పాదాల దగ్గర పెట్టేసిందని, అంతటి విశ్వాసి అని ఏటా బాప్తిస్మాల ఆదివారం పాస్టరు గారు ప్రసంగంలో చెప్పేవారు. ఒక పాస్టరు మారి ఇంకో పాస్టరు వచ్చినా ఆ కథ మాత్రం మారలేదు. చిన్నప్పుడు ఆ మాట రాగానే అందరూ మా బల్ల వైపు చూసేవాళ్ళు, నేను వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేదాన్ని. అలాంటి మనిషి చెంచాలు ఎత్తుకెళ్ళిందా అంటే, కార్యదర్శి గారి దగ్గర దానికీ జవాబుంది. "ఎంతటి విశ్వాసికైనా శోధన వస్తుందండీ" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఒక సంగతి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నిజం చెప్పాలి, నాకూ అనుమానం వచ్చింది. తప్పు లేకపోతే ఎవరికీ చూపించొద్దని అమ్మమ్మ ఎందుకు చెప్పింది? ఆ అనుమానం వచ్చినందుకు నా మీద నాకు వచ్చిన కోపం కార్యదర్శి గారి మీద వచ్చిన దానికంటే ఎక్కువ.

చెంచాలు మళ్ళీ బయటికి తీశాను. స్కూలు ల్యాబులో వాడే రకం భూతద్దం ఒకటి నా దగ్గరుంది. కాడ వెనకాల వరసగా నాలుగు ముద్రలు, ఒక్కొక్కటీ కంది గింజలో సగం ఉంటుంది. ఒక కాలెత్తి నడుస్తున్న సింహం, ఓడ లంగరు, ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కనే ఒకే గడిలో రెండక్షరాలు. వారం రోజులు వంటా వార్పూ తగ్గించి ఇంటర్నెట్లో ఇవే చదివాను. ఇంగ్లండులో వెండి పని చేసేవాళ్ళకి కట్టుదిట్టమైన పద్ధతి ఉండేదట. సింహం అంటే వెండి మేలిమిదేనని పరీక్షించి వేసిన గుర్తు. లంగరు అది పరీక్షించిన ఊరి గుర్తు. ఒంటి అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. జంట అక్షరాలు చేసినవాడివి. ఆ నాలుగు గుర్తులు తెలిస్తే ఒక చెంచా పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేయొచ్చు. మన ఆడవాళ్ళు స్టీలు గిన్నెల మీద పేరూ తేదీ కొట్టించుకుంటారు చూడండి, అలాంటిదే, కాకపోతే అక్కడ పేరు కొనుక్కున్నవాళ్ళది కాదు, చేసినవాడిది.

అంతా అర్థమైంది గానీ ఒకటి పొసగలేదు. పుస్తకాల్లో, బొమ్మల్లో, ఎక్కడ చూసినా ఆ సింహం ఎడమవైపుకి నడుస్తోంది. నా చెంచాల మీద కుడివైపుకి నడుస్తోంది. అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఆరింటి మీదా అంతే.

మర్నాడే పర్చూరు బస్సెక్కాను. దారి పొడుగునా మిరప కల్లాలు, ఎర్రగా పరిచిన కాయల మీద పరదాలు తీస్తున్న ఆడవాళ్ళు. కిటికీ పక్కన కూర్చుని తుమ్ముకుంటూనే వెళ్ళాను. కార్యదర్శి గారు చర్చి ఆఫీసు తెరిచి, బీరువాలోంచి ఆ ఒంటరి చెంచా తీసి నా చేతికిచ్చారు. మావి దాని పక్కన పెట్టాను. అదే పొడవు, అదే వంపు, కాడ చివర అదే విసనకర్ర ఆకారం. వెనక్కి తిప్పాను. అదే సింహం, లంగరు, అక్షరాలు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

తర్వాత భూతద్దం తీశాను. బంగళా చెంచా మీద సింహం ఎడమవైపుకి నడుస్తోంది.

"చూడండి, ఇది అటు, ఇవి ఇటు" అన్నాను.

"ఫోన్లో అట్లా తిరగేసి చూపిస్తుంది టీచర్ గారూ. సెల్ఫీ తీసుకుంటే చొక్కా జేబు అటు పోదూ?"

"నేను ఫోన్లో చూడట్లేదండీ, చెంచా చూస్తున్నా. మీరూ చూడండి."

ఆయన చూశారు. చాలాసేపే చూశారు. "ఏదో పొరపాటు అయి ఉంటుందండీ, కంపెనీలో" అన్నారు. ఆరు చెంచాల మీదా, నాలుగు ముద్రల్లోనూ ఒకే పొరపాటు చేసే కంపెనీ ఇంగ్లండులో ఉందని నేను నమ్మలేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు తేల్చుకుందామని చెప్పి, వాళ్ళ చెంచాకి రెండు వైపులా ఫోటోలు తీసుకుని గుంటూరు వచ్చేశాను.

గుంటూరులో నాకు తెలిసిన వెండి పనివారు ఒకరున్నారు. ఎనభై దాటిన ఆచారి గారు. కొడుకులు షాపు పెట్టుకుని కోయంబత్తూరు సరుకు అమ్ముతుంటే, ఆయన వెనక గదిలో కూర్చుని తెగిన పట్టీలు అతుకుతుంటారు. నా చెంచాలు చేతిలోకి తీసుకోగానే ముద్రలు చూడలేదాయన. కాడ వెనక బొటనవేలితో నిమిరారు.

"ఇది దొరల సీమ సరుకు కాదమ్మా. మనోడు కొట్టింది."

"ఎలా చెబుతారండీ? ముద్రలున్నాయిగా?"

అప్పుడు చూశారు ముద్రలు. చూసి, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వారు. ఒక ఉక్కు కడ్డీ తీసుకుని దాని మొన మీద చిన్న చేప బొమ్మ చెక్కారు, తల ఎడమవైపుకి. సీసం ముక్క మీద ఆ మొన ఆనించి సుత్తితో ఒక్కటి వేశారు. సీసం మీద పడ్డ చేప తల కుడివైపుకి తిరిగి ఉంది.

"ముద్ర చెక్కేటప్పుడు తిరగేసి చెక్కాలమ్మా. ముద్రలు చేసేవాడికి ఇది మొదటి పాఠం. ఈయన ముద్రలు చేసేవాడు కాదు, కడియాలూ మొలతాళ్ళూ చేసుకునేవాడు. దొరల చెంచా ఎదురుగా పెట్టుకుని, చూసింది చూసినట్టు చెక్కాడు. కొడితే తిరగబడింది."

"మోసం చెయ్యడానికా?"

"మోసం చేసేవాడైతే తిరగబడింది చూసి సరిచేసుకోడూ? ఆయనకవి ముద్రలని తెలిస్తేగా! చెంచా అన్నాక సింహం ఉండాలి, లంగరు ఉండాలి, అదో నగిషీ అనుకున్నాడు. చేయించుకున్నవాళ్ళు అచ్చం ఇట్లాంటిదే కావాలన్నారు, అచ్చం అట్లాంటిదే చేసిచ్చాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి, ఎవరో దొర పేరులోని అక్షరాల్ని సింహం తోకంత శ్రద్ధగా చెక్కాడు. తన పేరు మాత్రం ఎక్కడా పెట్టుకోలేదు.

"ఇంకోటి చూడమ్మా" అంటూ ఆచారి గారు నా వేలు పట్టుకుని ఒక చెంచా కాడ వెనక ఆనించారు. అక్కడ సన్నటి గీతలు, ఏటవాలుగా. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన గీతలే. అమ్మమ్మ చెంచాలు తోముకుంటుంటే పక్కన కూర్చుని గోటితో వాటి మీద గీకేదాన్ని. ఇవేంటమ్మమ్మా అంటే, "ఉండనీలేవే" అనేది.

"ఇది కరిగించి పోసింది కాదు. కరిగిస్తే ఈ గీతలుండవు. మెలి కడియం సాగగొట్టి చేశాడు. పైన నున్నగా తీశాడు, వెనక మెలిక పూర్తిగా చావలేదు. ఒక్కో కాలి కడియానికి మూడు లెక్కన వచ్చుంటాయి. మీ ఇళ్ళల్లో ఎవరికైనా కాళ్ళ కడియాలు ఉండేవా అమ్మా?"

నాకు మా అమ్మమ్మ కాళ్ళు గుర్తొచ్చాయి. అమ్మమ్మ చీలమండల దగ్గర నల్లగా కాయ కట్టిన వలయాలు ఉండేవి. పెళ్ళయినప్పటి నుంచీ కడియాల బరువు మోసిన కాళ్ళవి. చనిపోయేదాకా పోలేదు అవి.

అమ్మమ్మ కడియాలు దేవుని పాదాల దగ్గర పెట్టలేదు. దొరసాని నగలు వద్దంది, చెంచాలు వద్దనలేదు. బంగళా చెంచా ఒకటి కొంగున కట్టుకుని ఎవరో కంసాలి దగ్గరికి వెళ్ళి, తన కాళ్ళవి తీసిచ్చి, దొరసాని బల్ల మీదున్నట్టే ఆరు చేయించుకుంది. ఆ చెంచా మళ్ళీ బంగళాలో పెట్టేసింది; సెట్టులో మిగతావి దొరలే వెళ్తూ పట్టుకెళ్ళి ఉంటారు. బోడి కాళ్ళు చూసి సంఘం మొత్తం విశ్వాసం అనుకుంది. ఆమె నోరు మెదపలేదు. చూపించొద్దు అన్నది అందుకు. అమ్మో, ఎంత గుండె!

ఆటోలో ఇంటికి వస్తూ గట్టిగా నవ్వాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఇల్లు చేరాక ఇంకో సంగతి తట్టింది. ఇది చెబితే అమ్మమ్మ దొంగ కాకుండా పోతుంది. ఏటా ప్రసంగంలో చెప్పుకునే విశ్వాసి కూడా కాకుండా పోతుంది. రెండూ పోగా మిగిలే మనిషి చాలామందికి నచ్చదు. రెండు రోజులు ఆలోచించాను. అబద్ధపు దేవతగా ఉండే కంటే నిజం మనిషిగా ఉండటమే అమ్మమ్మకి గౌరవమనుకున్నాను. అమ్మమ్మ ఒప్పుకునేదో లేదో నాకు తెలియదు. నేను ఒప్పుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రేమ విందుకి బల్లలు వేస్తుండగా, పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. నేను రెండు రకాల చెంచాలూ వాళ్ళ చేతుల్లో పెట్టాను, భూతద్దం ఇచ్చాను, ఆచారి గారు కొట్టిన సీసం చేపనీ, ఆ కడ్డీనీ చూపించాను. తరగతిలో చెప్పినట్టే చెప్పాను. గీతలు వేలితో తడిమి చూడమన్నాను. పాస్టరు గారు తడిమి, తల ఊపారు.

కార్యదర్శి గారు లేచారు. "అయితే టీచర్ గారూ, మీ అమ్మమ్మ గారు కడియాలు దేవునికి ఇవ్వలేదన్నమాట. సంఘానికి అబద్ధం చెప్పారన్నమాట."

"చెప్పలేదండీ. మీరు అనుకుంటుంటే అనుకోనిచ్చింది."

"రెండూ ఒకటే కదండీ."

"సరే, ఒకటే అనుకోండి. అబద్ధమాడింది. దొంగతనం మాత్రం చెయ్యలేదు. వాళ్ళమ్మ ఎండలో వొంగి వొంగి సంపాదించి పెట్టిన వెండి అది. దాన్ని వొదులుకోమనడానికి దొరసానికేం హక్కుంది? దొరసాని వేలికి ఉంగరం లేదా? మనకి వెండి ఎక్కడిదని అడిగారే, ఇదిగో, ఇక్కడిది. మా అమ్మమ్మ కాళ్ళది."

నా గొంతు బాగా పెరిగింది. పెరగనీ అనుకున్నాను. వంటల దగ్గర గరిటెల చప్పుడు వినపడింది. అప్పుడు పాస్టరు గారు మెల్లగా, "పోనీ అమ్మా, ఇవి మన గదిలోనే అద్దాల పెట్టెలో పెడదాం. విశ్వాస జ్ఞాపకార్థం అని రాద్దాం" అన్నారు. మంచిమనసుతోనే అన్నారు. కానీ మళ్ళీ అదే కథ! "వద్దండి. నా దగ్గరే ఉంటాయి. మా అమ్మమ్మ భయపడి వీటితో ఒక్క ముద్ద తినలేదు. నేను ఇవాళ తింటాను" అన్నాను.

అన్నట్టే పులిహోర వడ్డించుకుని, వెండి చెంచాతో తినడం మొదలుపెట్టాను. మిగతా అయిదూ బల్ల మీద, సింహాలు పైకి కనపడేలా బోర్లా పెట్టాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పులిహోరని చెంచాతో తినడం నాకు అలవాటు లేదు, సగం ఒళ్ళో పడుతోంది. అయినా మానలేదు.

అప్పుడు కార్యదర్శి గారి తల్లి, తొంభై దాటిన మనిషి, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ తల్లీ మా అమ్మమ్మా ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఇందాక నేను అరిచిందంతా ముందు బల్ల మీద కూర్చుని విన్నది.

"ఒకటి ఇటివ్వు అమ్మాయ్" అంది.

ఇచ్చాను. చూపు సరిగా ఆనదు ఆవిడకి. చెంచా తిప్పి, కాడ వెనక వేలితో వెతుక్కుని, ఆ గీతల దగ్గర ఆగింది.

"ఇట్టాంటియ్యే మా అమ్మవీ, మెలి కడియాలు. దొరసాని వచ్చి చెల్లమ్మ గారూ తీయండి అంటే మాయమ్మ నిజంగానే తీసిచ్చేసింది. నేను పుట్టాక కూడా పొద్దున లెగిసి కాళ్ళు తడుముకునేది. ఏందమ్మా అంటే ఏం లేదనేది."

కార్యదర్శి గారు చేతిలో విస్తరితో ఆవిడ వెనకాలే నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన వైపు తిరగలేదు. మనవరాలు విస్తరి తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ ఆ చెంచాని పిడికిట్లో గట్టిగా పట్టుకుని పులిహోర తింది. తిన్నాక కడిగిద్దామని చెయ్యి చాపాను, కానీ ఆవిడ పిడికిలి విప్పలేదు. నేను కూడా అడగలేదు. మా ఇంట్లో ఇప్పుడు అయిదే ఉన్నాయి.